దెబ్బ నాది, ‘పోనీలే’ మీదా?

థాంక్స్‌గివింగ్ దాటిందంటే మా డెన్వర్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో స్కీయింగ్ కబుర్లు మొదలవుతాయి. ఏ కొండకి ఏ పాస్ కొనాలి, పిల్లల్ని ఏ క్లాసులో వెయ్యాలి, జాకెట్లు ఎక్కడ చవక, పులిహోర ఎవరు కలుపుకొస్తారు. ఫిబ్రవరి వచ్చేసరికి ఇంకో రకం మెసేజీలు వస్తాయి. ఫలానావారి ఆవిడకి మోకాలు పోయిందిట, సర్జరీ అట, ఏ రోజు ఎవరు వంట పంపిస్తారు అని. అందరం పంపిస్తాం. పప్పు, సాంబారు, దొండకాయ వేపుడు. మంచి అలవాటే. కానీ ఆ గ్రూపుల్లో ఇంతవరకూ ఎవరూ అడగ్గా నేను చూడని ప్రశ్న ఒకటుంది. ఆ దెబ్బ ఎవరివల్ల తగిలింది?

అడగరు. జవాబు ముందే తయారుగా ఉంటుంది కదా! “సంతకం పెట్టాం, ఏం చేస్తాం, పోనీలే.” దాని వెనకాలే ఇంకోటి. “అయినా ఆవిడకి ఉద్యోగం లేదుగా, జీతమేం పోలేదుగా.”

ఈ రెండు మాటలూ రిసార్టువాళ్ళ లాయరు అన్నవి కావండీ. మన ఇళ్ళలో, మన డైనింగ్ టేబుల్ దగ్గర, మన మొగుళ్ళు, మరుదులు, మామగార్లు, ఒక్కోసారి మన అమ్మలే అనే మాటలు. జడ్జిగారికి శ్రమ లేకుండా కేసు మన హాల్లోనే కొట్టేస్తారు. నా గొడవ దాని మీదే.

ముందు సంతకం సంగతి చూద్దాం.

కొలరాడోలో స్కీయింగ్‌కి ప్రత్యేకంగా స్కీ సేఫ్టీ యాక్ట్ అని ఒక చట్టం ఉంది, 1979 నాటిది. నేను లాయర్ని కాను, చదవడం వచ్చిన ఇల్లాలిని. కూర్చుని చదివితే ఒక పూట పట్టింది. అది రిసార్టులకి బాగా అనుకూలమైన చట్టమే. గడ్డకట్టిన మంచు, బండరాళ్ళు, చెట్లు, మారే వాతావరణం, మన చేతకానితనం, ఇవన్నీ ఆ ఆటలోనే ఉన్న ప్రమాదాలు, వీటివల్ల దెబ్బ తగిలితే రిసార్టుని అడగడానికి లేదు అంటుంది. 2016లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, రిసార్టు హద్దుల్లో మంచుచరియ విరిగి పడినా అది ఆటలో భాగమే అంది. సరే. మనంతట మనం జారాం, చెట్టుకి గుద్దుకున్నాం, అది మన ఖాతాయే. అక్కడ నాకు పేచీ లేదు.

కానీ అదే చట్టం రిసార్టుకి కూడా పనులు అప్పజెప్పింది. ఆ పేజీ ఎవరూ చదవరు. ప్రతి దారీ ఎంత కష్టమో ఆకుపచ్చ గుండ్రం, నీలం చదరం, నల్ల డైమండ్ గుర్తులతో చూపించాలి. మూసేసిన దారికి మూశామని బోర్డు పెట్టాలి. మంచు తయారుచేసే నీళ్ళ గొట్టాలూ హైడ్రెంట్లూ లాంటివి వంద అడుగుల దూరం నుంచి మామూలు వెలుతురులో కనిపించకపోతే వాటికి గుర్తు పెట్టాలి, గుద్దుకుంటే దెబ్బ తగ్గేలా మెత్తటి తొడుగు వెయ్యాలి. లిఫ్టుల భద్రతకి 1965 నుంచీ వేరే చట్టమే ఉంది. ఈ పనులు చెయ్యకపోవడం వల్ల దెబ్బ తగిలితే అది ‘ఆటలో భాగం’ అవదు.

మరి మనం పెట్టిన సంతకం వీటిని కూడా తుడిచేస్తుందా? చాలా ఏళ్ళు తుడిచేస్తుందనే అందరూ అనుకున్నారు. 2022 మార్చిలో క్రెస్టెడ్ బ్యూట్ రిసార్టులో 16 ఏళ్ళ అమ్మాయి వాళ్ళ నాన్నతో లిఫ్ట్ ఎక్కబోయి సరిగ్గా కూర్చోలేకపోయింది. కుర్చీకి వేలాడుతుంటే జనం ఆపమని అరిచారు. లిఫ్ట్ ఆగలేదు. దాదాపు 30 అడుగుల ఎత్తు నుంచి పడి ఆ పిల్ల కాళ్ళూ చేతులూ చచ్చుబడ్డాయి. రిసార్టు చూపించింది ఒకటే, సంతకం. కొలరాడో సుప్రీంకోర్టు 2024 మేలో ఏమందంటే, సాధారణ అజాగ్రత్త కింద వేసిన దావాని ఆ సంతకం అడ్డుకుంటుంది గానీ, చట్టం ఫలానా పని చెయ్యాలని చెప్పినచోట ఆ బాధ్యత నుంచి సంతకం చేయించుకుని తప్పించుకోవడం కుదరదు అంది. 2025లో జ్యూరీ కోటి డాలర్లకి పైగా ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆ తండ్రి కూడా “సంతకం పెట్టాను కదా” అని ఇంట్లో కూర్చుంటే ఈ మాట చట్టంలోకి వచ్చేదే కాదు.

రాష్ట్రం మారితే లెక్క ఇంకా మారుతుంది. వెర్మాంట్ కోర్టు 1995లోనే, ఆరెగాన్ కోర్టు 2014లో, స్కీ రిసార్టులు రాయించుకున్న ఇలాంటి కాగితాలు చెల్లవన్నాయి. కాబట్టి “సంతకం పెట్టాం” అనే మాటతో కథ అయిపోదు. ఏ రాష్ట్రంలో పెట్టాం, దెబ్బ దేనివల్ల తగిలింది అనేవి తేలాలి. ఇంకోటి కూడా. మన ఇళ్ళలో ఆన్‌లైన్‌లో టికెట్లు కొనేటప్పుడు ఇంటాయన కూర్చుని నలుగురి పేర్లకీ తనే టిక్కులు కొట్టేస్తాడు. పెళ్ళాం ఆ కాగితం కంటితో కూడా చూడదు. తరవాత “నువ్వు ఒప్పుకున్నావు కదా” అంటాడు! నా తరఫున ఎవరు ఒప్పుకున్నారన్నది లాయరు దగ్గర అడగదగ్గ ప్రశ్నే. జవాబు కేసుని బట్టి ఉంటుంది.

పిల్లల సంగతి తల్లులు ఇంకా జాగ్రత్తగా వినాలి. ఆస్పెన్‌లో స్కీ రేసు ప్రాక్టీసు చేస్తూ 17 ఏళ్ళ అబ్బాయి చెట్టుకి గుద్దుకుని చూపు పోగొట్టుకున్నాడు. అతని తల్లి కూడా సంతకం పెట్టింది. పిల్లాడి హక్కుని తల్లి ముందుగా వదిలెయ్యడానికి వీల్లేదని 2002లో కొలరాడో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడాది తిరక్కుండా, 2003లో, శాసనసభ కొత్త చట్టం చేసి ఆ తీర్పుని తిప్పేసింది. ఇప్పుడు ఇక్కడ మనం పెట్టే సంతకం మన పిల్లల్ని కూడా కట్టేస్తుంది, మామూలు అజాగ్రత్త వరకూ. తెలిసి తెలిసి చేసిన నిర్లక్ష్యాన్నీ, ఘోరమైన అజాగ్రత్తనీ అది కాపాడదు. మంచు బూట్లు తొడుగుతూ, ఒక చేత్తో ముక్కు తుడుస్తూ, ఇంకో చేత్తో మనం గీకే గీత ఇంత పని చేస్తుందన్నమాట. మనం చదివేదాకా వెనక క్యూ ఆగనీయండి.

ఇక ఇంకో మనిషి వచ్చి గుద్దేస్తే? మనవాళ్ళు అన్నీ ఒకే గంపలో వేస్తారు గానీ ఇది పూర్తిగా వేరే విషయం. కొలరాడో చట్టంలో స్పష్టంగా ఉంది, పైనుంచి దిగుతున్న మనిషే కింద ఉన్నవాళ్ళని తప్పించుకుని పోవాలి. దెబ్బ తగిలాక పేరూ అడ్రసూ రిసార్టు మనిషికో స్కీ పెట్రోల్‌కో ఇవ్వకుండా వెళ్ళిపోకూడదు. సాయం తేవడానికి వెళ్ళినా తిరిగొచ్చి ఇవ్వాలి. ఇంకో స్కీయర్ వచ్చి గుద్దడం అనేది, ఆ మనిషి మీద వేసే దావాలో, ‘నువ్వు ఒప్పుకుని ఎక్కిన ప్రమాదం’ కిందకి రాదు. రిసార్టుకి రాసిచ్చిన కాగితం వాడికి గొడుగు పట్టదు. పైగా ఇలాంటి పరిహారం చాలాసార్లు ఆ మనిషి జేబులోంచి రాదు, అతని హోమ్ ఇన్సూరెన్సో రెంటర్స్ ఇన్సూరెన్సో కడుతుంది. “పాపం కుర్రాడు, స్టూడెంటులా ఉన్నాడు” అని జాలిపడి పేరు అడగని తల్లులకి ఇది చెప్పండి.

నాకు తెలిసిన ఒకావిడ ఉంది. ఇద్దరు పిల్లలు, హెచ్-4 వీసా. ఆకుపచ్చ గుర్తున్న తేలిక దారిలో మెల్లగా దిగుతుంటే వెనకనుంచి స్నోబోర్డ్ మీద ఒకతను వచ్చి గుద్దాడు. మోకాలి లిగమెంటు తెగింది. అతను సారీ చెప్పాడు, ఈవిడ భర్త “ఇట్స్ ఓకే” అన్నాడు, అతను వెళ్ళిపోయాడు. పేరు లేదు, ఫోను నంబరు లేదు. సర్జరీ అయ్యింది. గుంటూరు నుంచి ఈవిడ వాళ్ళమ్మ టికెట్ కొనుక్కుని, ఒంటరిగా రెండు విమానాలు మారి, ఆ చలిలో దిగింది. ఆరు నెలలు నలుగురికి వండింది, పిల్లలకి స్నానాలు చేయించింది, మెట్లెక్కి దిగి బట్టలు ఉతికింది. ఆవిడకి అరవై నాలుగేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆ తరవాత ఒక పాట్‌లక్‌లో ఆ భర్తగారు అంటుంటే నేను విన్నాను. “పెద్ద ఖర్చేమీ కాలేదండీ, ఇన్సూరెన్స్ కట్టేసింది.”

ఖర్చు కాకపోవడం ఏమిటి? ఒక ఆడదాని మోకాలి బరువు ఇంకో ఆడదాని మోకాళ్ళ మీదికి మారింది. మగవాళ్ళ పుస్తకంలో ఆ పద్దు రాయలేదు, అంతే.

ఇంకో సంగతి చెప్పనా? ఆ హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ మటుకు పోనీలే అనలేదు. ఇంటికి కాగితం పంపింది. ఈ ప్రమాదానికి వేరే ఎవరైనా బాధ్యులా, పేరు రాయండి అని. వాళ్ళు కట్టిన డబ్బు వాళ్ళకి వెనక్కి కావాలి మరి. కంపెనీకి లేని మొహమాటం మనకెందుకు? (మనకి పరిహారం వస్తే అందులో వాళ్ళ వాటా అడిగే హక్కు కూడా చాలా ప్లానుల్లో వాళ్ళకి ఉంటుంది. ఏ సెటిల్‌మెంట్‌కైనా ఒప్పుకునేముందు ఇది కనుక్కోవాలి.)

ఇప్పుడు ఆ రెండో మాటకి వద్దాం. “ఆవిడకి ఉద్యోగం లేదుగా.”

అమెరికా కోర్టుల్లో ఇంటిపని నష్టం అనేది పరిహారంలో ఒక పద్దు. దెబ్బ తగిలిన మనిషి వారానికి ఎన్ని గంటలు వంట చేసేది, ఎన్ని గంటలు పిల్లల్ని చూసేది, ఎన్నిసార్లు స్కూలుకీ మ్యాథ్ క్లాసుకీ కూచిపూడికీ దింపేది, ఆ పనికి బయట మనిషిని పెడితే గంటకి ఎంత అని లెక్క కడతారు. ఆ లెక్క కట్టడమే వృత్తిగా ఉన్న ఆర్థికవేత్తలున్నారు. జీతం లేని మనిషికి నష్టం లేదని చట్టం అనలేదు. మనింట్లోవాళ్ళు అన్నారు. హెచ్-4 మీద ఉన్న చాలామందిమి ఉద్యోగం చెయ్యనిది బద్ధకం వల్ల కాదు, ఈఏడీ లేనిదే చెయ్యనివ్వరు గనక. పని చెయ్యడానికి వీసా ఒప్పుకోదు, చేసిన పనికి ఇంట్లో లెక్క ఉండదు, దెబ్బ తగిలితే నష్టమూ ఉండదంటే ఇంక మనం ఎందులో ఉన్నట్టు?

ఇది అమెరికా పైత్యం అనేవాళ్ళకి మన దేశం సంగతి చెప్తాను. 1989 నాటి జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం కేసులో 2001లోనే మన సుప్రీంకోర్టు గృహిణి చేసే పనికి నెలకి 3,000 రూపాయలని విలువ కట్టింది. అప్పటికి అదే గొప్ప. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసులో, అప్పటి మన కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణగారు ఈ విషయం మీదే ప్రత్యేకంగా తీర్పు రాశారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే మా ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్ళు దాదాపు 16 కోట్లు, మగవాళ్ళు 58 లక్షలు. 2019 సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు పెడితే మగవాళ్ళు 97. ఈ అంకెలన్నీ ఆ తీర్పులో ఉన్నాయి. గృహిణికి ఆదాయం ఉన్నట్టు లెక్కించడం అంటే ఆ పనిని గుర్తించడం అని ఆయన చెప్పినదాని సారం. ఇక్కడి కోర్టుని ఆ తీర్పు కట్టెయ్యదు. కానీ మా ఆయన ఎదురుగా పెట్టడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది.

ఇంత చెప్పాక వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, పరువు. కోర్టు మెట్లెక్కే వంశం కాదు మనది అంటారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని మన పెద్దలే అన్నారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ ఇక్కడ చాలా విషయాలు కోర్టుదాకా వెళ్ళకుండా ఇన్సూరెన్స్‌తో మాట్లాడుకునే తేలతాయి. ఇలాంటి గాయాల కేసులు చూసే లాయర్లు ఎక్కువమంది మొదటిసారి మాట్లాడినందుకు డబ్బు తీసుకోరు. గెలిస్తే వచ్చినదాంట్లో మూడోవంతో అంతకంటే కొంచెం అటూ ఇటో తీసుకుంటారు. ఫీజు కాక మిగతా ఖర్చులు ఎవరివో ముందే రాయించుకోవాలి.

రెండోది, వీసా భయం. “మనకెందుకొచ్చిన గొడవ, గ్రీన్ కార్డుకి అడ్డం పడుతుందేమో” అని. గాయానికి పరిహారం అడగడానికి పౌరసత్వం అక్కర్లేదు. అది సివిల్ దావా, అడిగినవాళ్ళు నేరస్తులైపోరు.

మూడోది, కాస్త గౌరవించాల్సిన అభ్యంతరం. ప్రతివాళ్ళూ కేసులు వేస్తూపోతే ఆటే ఉండదు అని. నిజమే. ప్రతి పడిపోవడానికీ ఎవరో ఒకరు డబ్బు కట్టాలనే మనిషిని కాను నేను. హాలీవుడ్ నటి గ్వినెత్ పాల్ట్రో మీద 2016లో డీర్ వ్యాలీలో జరిగిన ప్రమాదం గురించి ఒక పెద్దాయన కేసు వేస్తే, 2023లో జ్యూరీ తప్పంతా ఆయనదే అంది. ఆమె అడిగిన ఒక్క డాలరూ ఆమెకి ఇప్పించింది. అంటే అడిగినవాళ్ళందరికీ పంచిపెట్టే ఏర్పాటు కాదిది. ఎవరిది తప్పో తేల్చే ఏర్పాటు. తేలాక మనదే తప్పయితే తల వంచుకుందాం. తేల్చకముందే వంచుకోవడం ఎందుకు?

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్ళకి ఒక మాట. హనీమూన్‌కి సోలాంగ్ లోయకి, సెలవులకి గుల్మార్గ్‌కి వెళ్ళి స్కీలు అద్దెకి తీసుకునే తెలుగువాళ్ళు బోలెడంతమంది. డబ్బు తీసుకుని పాత విరిగిన సామాన్లు ఇచ్చినా, నేర్పడం రాని మనిషిని అంటగట్టినా, అది సేవలో లోపమే. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్ళోనే, విజయవాడలోనో వరంగల్లోనో, జిల్లా కమిషన్లో ఫిర్యాదు చెయ్యొచ్చు, మనాలి వెళ్ళక్కర్లేదు. గడువు రెండేళ్ళు. అందుకని పది రూపాయలు తగ్గిస్తామన్నా సరే, రసీదు లేకుండా డబ్బు ఇవ్వకండి.

కొలరాడోలో కూడా రిసార్టు మీద దావాకి గడువు రెండేళ్ళే. వేరే రాష్ట్రాల్లో వేరే గడువులున్నాయి. మన ఇళ్ళలో రెండేళ్ళు ఎలా పోతాయో మీకు చెప్పాలా? సర్జరీ, ఫిజియోథెరపీ, పిల్లల పరీక్షలు, ఇండియా ప్రయాణం, ఒక పెళ్ళి, అయిపోయింది.

కాబట్టి ఈసారి కొండకి వెళ్ళేముందు నాలుగు పనులు చెయ్యండి. మీ కాగితం మీరే చదివి మీరే సంతకం పెట్టండి. స్కీలు అద్దెకిచ్చే చోట బరువు అడిగితే సిగ్గుపడి పది పౌండ్లు తగ్గించకండి. పడినప్పుడు స్కీ కాలినుంచి ఊడిపోవడానికి ఎంత బిగించాలో ఆ అంకెని బట్టే చూస్తారు. నిజం చెప్తే, తప్పుగా బిగించినప్పుడు తప్పు వాళ్ళది. అబద్ధం చెప్తే మనది. దెబ్బ తగిలితే గుద్దినవాళ్ళ పేరు, అడ్రసు, చూసినవాళ్ళ ఫోను నంబర్లు పక్కనున్నవాళ్ళ చేత రాయించండి, ఆ చోటు ఫోటోలు తీయించండి, స్కీ పెట్రోల్ రాసిన రిపోర్టు ఉందని చూసుకోండి. నొప్పితో మూలుగుతూ “నాదే తప్పు” అని ఎవరికీ రాసివ్వకండి. ఇంటికొచ్చాక ఒక నోటుబుక్కు పెట్టి, మీరు చెయ్యలేకపోయిన పని, అది ఎవరు చేశారు, ఎన్ని గంటలు అనేది ఏ రోజుకారోజు రాయండి. మీ అమ్మ చేసినా రాయండి. ముఖ్యంగా అమ్మ చేసినది రాయండి.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నిజానికి అమ్మ అడక్కుండానే పెడుతుంది, గుంటూరు నుంచి వచ్చి మరీ పెడుతుంది. అడక్కుండా పెట్టనివి ఇన్సూరెన్స్ కంపెనీలు. అడగాలో వద్దో లాయరుతో ఒక గంట మాట్లాడాక, మీ కాలు, మీ ఇల్లు, మీ ఓపిక చూసుకుని మీరే తేల్చుకోండి. పోనీలే అనాలనిపిస్తే అప్పుడు మీ నోటితో మీరే అనండి.